నూట పద్నాలుగో పేజీ

నాకు స్పానిష్ రాదు.
ముందే చెప్పేస్తున్నాను.
నూకరత్నానికి మాత్రం పదకొండేళ్ళు చెప్పలేదు.

అల్లిపురంలో అద్దె పుస్తకాల కొట్టు నాది.
డిటెక్టివ్ నవలకి రోజుకి పావలా.
ఆమె కొంగులో చుట్టి తెచ్చిన పుస్తకానికి
అట్ట మీద నూనె మరక, లోపల ఉప్పు వాసన,
నోరు తిరగని ఏదో రేవు ముద్ర.
"మా ఎల్లాజీ పంపినాడు మాస్టారూ. ఉత్తరం లేదు.
ఇందులోనే ఏటో ఉంటాది. సదవండి."

చదివాను.
తెలియని అక్షరాల మీద వేలు పెట్టి
తెలిసిన అబద్ధం ఒకటి మొదలుపెట్టాను:
అనగనగా సముద్రానికి అవతల ఒక ఊరు.
అక్కడ ప్రేమలో పడ్డవాళ్ళకి
నీడ ఒకరోజు ఆలస్యంగా వస్తుంది.

రెండ్రోజులు పోయాక పూర్ణా మార్కెట్‌కి వెళితే
ఆమె లేదు. ఆమె నిన్నటి నీడ ఉంది,
మెంతికూర కట్టల మీదికి వంగి.
అమ్మే ముసల్ది దాన్ని తొక్కకుండా
బుట్ట కాస్త పక్కకి జరుపుకుంది,
రోజూ ఉండే పనే అన్నట్టు.

తర్వాత నాకు ఆగలేదు.
ఓడరేవు ఎర్ర దుమ్ము జ్ఞానాపురంలో
ఎవరి బట్టల మీదైనా పడుతుంది.
ఆమె ఆరేసిన రవికె వీపు మీద మాత్రం
ఒక మగవాడి అరచెయ్యి.
ఎన్ని ఉతుకులకీ పోలేదు.
నా చెయ్యి పెట్టి కొలిచి చూడలేదు.
చూడాలనిపించింది.

"దీనికి అర్థమేటి మాస్టారూ?"
కాలేజీ లెక్చరరు ఒకాయన
ప్రతీక అనే మాట నా కొట్లో మర్చిపోయి వెళ్ళాడు,
గొడుగు మర్చిపోయినట్టు.
దాన్ని తెరవబోయి మానేశాను.
"ఆ దేశపు కథల్లో అర్థం అడగరమ్మా.
వానొస్తే తడుస్తారు, అంతే."

మూడుసార్లు ముంచేద్దామనుకున్నాను,
కథలో నావికుణ్ణి.
మొదటిసారి డాల్ఫిన్స్ నోస్ మీద దీపం
తిరుగుతూ తిరుగుతూ నా మొహం మీద ఆగిపోయింది.
రెండోసారి నాలుక మీద ఉప్పురాయి,
వారం దాకా ఏ కూరకీ రుచి లేదు.
మూడోసారి నోరు విప్పకముందే ఆమె అంది:
"ఆడు ములగడు. ఈత నేర్పింది నానే."

బతికించాను, ఏం చేస్తాను.
బతికినవాడికి మాటలు కావాలి కదా, నావి ఇచ్చాను.
తుఫాను రాత్రి అతను ఆమెతో అన్నవన్నీ
నేను అన్నవే.
ఆమె సిగ్గుపడింది, అతనికి.

మొన్న ముసురు రోజుల్లో
రాస్ హిల్ చర్చి మెట్ల మీద
ఆ భాషవాడు ఒకడు తగిలాడు, సరుకు ఓడ మనిషి.
పుస్తకం చూపించాను.
నవ్వి, చేతులతో పెద్ద పీపా గీశాడు,
బుస్సుమని ఆవిరి వదిలాడు,
గాలిలో మరలు బిగించాడు.
బాయిలరు.
ఓడ బాయిలరు మరమ్మతు చేసే పుస్తకం.

మర్నాడు వాళ్ళ వీధికి వెళ్ళాను, వచ్చేశాను.
ఆ మర్నాడు చెప్పేశాను.
ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఊదుతోంది, తలెత్తలేదు.
"నలభయ్యో పేజీలో బొమ్ముంది కదేటి,
గుండ్రంగా, రెండు గొట్టాలతో.
పెళ్ళైన కొత్తలో నా అరిచేతిలో గీసి
ఇదే నా కొలువు అన్నాడు ఆడు.
నాకు తెల్దేటి?"

మరి పదకొండేళ్ళూ...
అడగలేదు నేను. గొంతు రాలేదు.
అప్పుడే గుమ్మంలో కదిలింది,
నా నీడ. నిన్నటిది.
ఇక్కడిదాకా వచ్చి, చెప్పలేక తిరిగిపోయినవాడిది.
అది మళ్ళీ వెనక్కి తిరగబోతుంటే
ఆమె కాలితో పీట అటు జరిపింది,
కూర్చోమన్నట్టు.

తర్వాత నా వైపు చూసి
ఎవరిదో చొక్కా కాలరు మడత పెడుతూ అంది:
"నూట పద్నాలుగు కాడ ఆపినారు.
సదవండి."